కాల్షియము: హృదయకణమునకు ఆజ్ఞయు, ఆపదయు

గుండెకు రక్తము తెచ్చు ధమనులలో ఒకటి పూడిపోయి, దాని పోషణలోని కండభాగమునకు ప్రాణవాయువు అందక, మనిషి ఛాతీ పట్టుకొని కూలబడినప్పుడు వైద్యుడు చేయవలసిన మొట్టమొదటి పని ఆ పూడికను తొలగించి రక్తమును మరల పారించుటయే. ఇందు సందేహమునకు తావు లేదు. అయినను, ఈ స్థితిని ప్రయోగశాలలలో దశాబ్దముల తరబడి పరిశీలించినవారు కనుగొన్న దారుణసత్యమొకటి కలదు. రక్తప్రసారము ఆగియున్నంతసేపును కొనయూపిరితో నిలిచియుండిన కణములలో ఒక భాగము, రక్తము తిరిగివచ్చిన తొలి నిమిషములలోనే నశించిపోవును. బయటినుండి వచ్చిన విషమేదియు వానిని చంపుట లేదు. తల్లికడుపులో గుండె తొలిసారి కదలిననాటినుండి ప్రతి స్పందనమును నడిపించుచు వచ్చిన కాల్షియమే వానిని చంపుచున్నది. అది చావుదెబ్బ కొట్టు చోటు, కణమునకు అంతవరకు శక్తిని సమకూర్చిన మైటోకాండ్రియా.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద హృదయకణపు ఛేదమును చూచినవారికి ప్రస్ఫుటముగా కనబడునవి రెండు: సంకోచించు తంతువుల పొడవాటి కట్టలు, ఆ కట్టల నడుమ వరుసలు తీరి కిక్కిరిసియున్న మైటోకాండ్రియా. కణపు ఘనపరిమాణమున దాదాపు మూడవవంతు వీనిదే. చేతుల, కాళ్ల కండరములలో వీని భాగము ఇందులో స్వల్పాంశము మాత్రమే. దినమునకు ఇంచుమించు లక్షసార్లు కొట్టుకొనుచు, పుట్టినది మొదలు గిట్టువరకు ఒక్క పూటయైన విశ్రమింపని కండరమునకు ఇంతటి ఏర్పాటు అవసరమే. సుమారు 300 గ్రాములు తూగు ఈ యవయవము ఒక్క దినములో తయారుచేసి ఖర్చుపెట్టు ఏటీపీ (కణపు పనులకు శక్తినిచ్చు అణువు) 6 కిలోగ్రాములకు పైబడునని అంచనా. నిలువ మాత్రము అత్యల్పము. ఉత్పత్తి ఆగిపోయినచో, పనిచేయుచున్న గుండెకు చేతనున్న ఏటీపీ కొలది సెకనులకు మాత్రమే చాలును. ఆ ఉత్పత్తిలో నూటికి 95 పాళ్లు మైటోకాండ్రియాలోనే జరుగుచున్నది.

ఏటీపీ పేరు వచ్చినచోట తెలుగువాడు ఆగి స్మరింపవలసిన మహనీయుడొకడు కలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కెతో కలిసి, జీవపదార్థములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించి, దాని యూతముతోనే కండరమును శోధించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీసెను. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా ఏటీపీని కనుగొనెను. కండర సంకోచమునకు లాక్టికామ్లమే మూలమని నమ్ముచుండిన కాలమది; ఆ నమ్మకమును కదలించిన పరిశోధనలలో వీరివి ముందువరుసలోనివి. 1948లో, 53 ఏండ్ల వయసున, సుబ్బారావు హృద్రోగముతోనే కన్నుమూసెను. ఈ అధ్యాయములో చెప్పబోవు సంగతులలో పెక్కు ఆయన మరణానంతరము తెలిసినవే.

మైటోకాండ్రియాకు పొరలు రెండు. వెలిపొర ఇంచుమించు అన్ని చిన్న అణువులకును దారి యిచ్చును. లోపొర యట్లు కాదు, అది మిక్కిలి కట్టుదిట్టమైనది. మన ఆహారమునుండి లభించిన ఎలక్ట్రానులను ప్రాణవాయువునకు అందించు క్రమములో, లోపొరయందలి ప్రోటీనులు ఉదజని అయానులను లోపలినుండి వెలుపలికి తోడివేయుచుండును. ధవళేశ్వరము ఆనకట్టకు ఎగువను గోదావరి నిలిచినట్లు ఆ అయానులు పొరకు వెలుపల నిలిచి, దిగివచ్చుటకు త్రోవ వెదకుచుండును. ఏటీపీ సింథేజ్ అను ప్రోటీను గుండా అవి దిగునప్పుడు ఆ యొరవడియే ఏటీపీని నిర్మించును. 1961లో ఈ సిద్ధాంతమును ప్రతిపాదించిన ఆంగ్లేయుడు పీటర్ మిచెల్‌ను తోటి శాస్త్రజ్ఞులు చిరకాలము విశ్వసింపలేదు; 1978లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. అయానులను ఇట్లు తోడివేయుట వలన మైటోకాండ్రియా లోపలి భాగము వెలుపలి కంటె 180 మిల్లీవోల్టుల మేరకు ఋణవిద్యుత్తు గలదై యుండును. కాల్షియపు అయాను రెండు ధనావేశములు గలది. కావున, ఎక్కడ కాల్షియము హెచ్చినను దానిని తనలోనికి లాగికొను ప్రకృతి మైటోకాండ్రియాకు సిద్ధముగా నున్నది. ఏటీపీని పుట్టించు శక్తియు, కాల్షియమును లాగు శక్తియు వేరువేరు కావు. ఈ యొక్క విషయమును పాఠకుడు మనసున నిలుపుకొన్నచో తక్కిన కథయంతయు దానంతట అదే విప్పుకొనును.

గుండె కదలికకు కాల్షియము కావలెనని తెలిసినది 1880లలో. లండనులో సిడ్నీ రింగర్ అను వైద్యుడు కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి కొట్టుకొనునట్లు చేయుచుండెను. 1882లో ఆయన ప్రకటించిన ఫలితములకు ఆధారమైన ద్రావణము స్వేదనజలముతో గాక నగరపు కొళాయినీటితో తయారైనదని తరువాత తేలెను. స్వచ్ఛమైన స్వేదనజలముతో చేయగా గుండె క్రమముగా బలహీనపడి నిలిచిపోయెను. కొళాయినీటిలోని సున్నపు అంశమే, అనగా కాల్షియమే, ఆ గుండెను ఆడించుచుండెనని 1883లో ఆయన నిరూపించెను. ఇప్పటికిని ఆసుపత్రులలో ఆయన పేరిట ద్రావణము సీసాలలో వ్రేలాడుచునే యున్నది.

విశ్రాంతిలో నున్న హృదయకణపు ద్రవములో కాల్షియపు గాఢత, కణమునకు వెలుపలనున్న దానిలో పదివేలవ వంతు మాత్రమే. విద్యుత్ తరంగము కణపు పొరమీదుగా పోవునప్పుడు ఆ పొరలోని ద్వారములు క్షణకాలము తెరచుకొని కొంచెము కాల్షియమును లోనికి విడుచును; ఆ కొంచెమే కణాంతర్భాగమునందలి కాల్షియపు నిలువగదులను తట్టి, వానిలోని రయనొడీన్ గ్రాహకములను ద్వారములను తెరపించి, మరింత కాల్షియమును వెడలించును. గాఢత ఒక్కసారిగా పదిరెట్ల వరకు పెరుగును. జపానులో సెత్సురో ఎబాషి 1960లలో కనుగొన్న ట్రోపోనిన్ అను ప్రోటీనుకు ఈ కాల్షియము తగులుకొనగానే తంతువులు ఒకదానిపై నొకటి జారి కణము ముడుచుకొనును. వెంటనే పంపులు పనిలో దిగి, ఏటీపీని వ్యయించి, కాల్షియమును తిరిగి గదులలోనికి చేర్చును. కొంత సోడియముతో మార్పిడియై కణము వెలుపలికి పోవును. ఇంతయు జరుగుటకు ఒక సెకను పట్టదు.

మనిషి పరుగెత్తినను, భయపడినను, సంతోషముతో ఉప్పొంగినను గుండె వేగము మారుచుండుట ఎల్లరకు అనుభవమే. సహానుభూతనాడుల కొనలనుండి నార్‌ఎడ్రినలిన్, మూత్రపిండములపై నుండు గ్రంథులనుండి ఎడ్రినలిన్ వెలువడి హృదయకణమును చేరును. చేరును గాని లోనికి ప్రవేశింపవు. కణపు పొరపై నున్న బీటా గ్రాహకమును తాకుటతోనే వాని పని తీరును. లోపల సైక్లిక్ ఏఎంపీ అను రెండవ దూత పుట్టును; దానిని 1950లలో కనుగొన్న అమెరికను శాస్త్రజ్ఞుడు ఎర్ల్ సదర్లాండునకు 1971లో నోబెల్ బహుమానము వచ్చినది. ఈ దూత మేల్కొలుపు ఎంజైము, కాల్షియపు ద్వారములపై ఫాస్ఫేటును తగిలించి అవి ఎక్కువగా తెరచుకొనునట్లును, గదుల పంపునకు అడ్డుగా నుండు ఫాస్ఫోలాంబన్‌ను తప్పించి అది వేగముగా తోడునట్లును చేయును. ఆంజియోటెన్సిన్, ఎండోథీలిన్ మున్నగు హార్మోనులు వేరు మార్గమున నడచినను తుదకు అవియు కణపు కాల్షియమునే మార్చుచున్నవి. వెలుపలి వార్త ఏదైనను కణములో అది కాల్షియపు హెచ్చుతగ్గులుగానే వినబడుచున్నది.

పని పెరిగినదని శక్తిని పుట్టించువానికి తెలియునదెట్లు? ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానము నాకు జీవశాస్త్రమునందు మిక్కిలి ప్రియమైన విషయములలో నొకటి. ఇంగ్లండులోని బ్రిస్టలు విశ్వవిద్యాలయమున రిచర్డ్ డెంటన్, జేమ్స్ మెక్‌కార్మాక్ అనువారు, మైటోకాండ్రియాలో ఇంధనమును దహించు ఎంజైములలో మూడింటిని కాల్షియము ఉత్తేజపరచునని చూపిరి. తంతువులను ముడుచుకొమ్మని ఆజ్ఞాపించిన ఆ కాల్షియమే, ఒక పాలు మైటోకాండ్రియాలోనికి జొచ్చి, ఆ సంకోచమునకు వలయు శక్తిని త్వరగా తయారుచేయుమని చెప్పుచున్నది. పనిని పురమాయించినవాడే దానికి కావలసిన ద్రవ్యమును గూడ మంజూరు చేసినట్లున్న ఈ యేర్పాటులో మధ్యవర్తి లేడు, జాప్యము లేదు.

ఈ యేర్పాటు ఒక మితమునకు లోబడి మాత్రమే మేలు చేయును. 1959లో కెనడాలో రోనా మున్నగువారు, ఎడ్రినలిన్‌వలె పనిచేయు ఐసోప్రొటెరెనాల్‌ను ఎలుకలకు పెద్ద మోతాదులో నెక్కింపగా, హృద్ధమనులలో ఏ యడ్డంకియు లేకయే కండరము అక్కడక్కడ చచ్చిపోవుట చూచిరి. కారణమును వెదకినవారిలో జర్మనీలోని ఫ్రైబర్గు నగరపు ఆల్‌బ్రెఖ్ట్ ఫ్లెకెన్‌స్టైన్ ముఖ్యుడు. మితిమీరిన ఉత్తేజమున హృదయకణములు కాల్షియమును విపరీతముగా పీల్చుకొనుననియు, అదే సమయమున వానిలోని ఏటీపీ అడుగంటుననియు, కాల్షియపు ప్రవేశమును తగ్గించు వెరపమిల్ వంటి మందులు ముందుగా నిచ్చినచో ఆ నాశనము తగ్గుననియు ఆయన చూపెను. నేడు రక్తపుపోటునకు కోట్లమంది మ్రింగుచున్న కాల్షియము నిరోధకముల వంశమునకు ఈ పరిశోధనలే పునాది. జపాను వైద్యులు 1990లో వర్ణించిన టాకోట్సుబో వ్యాధియు ఇచ్చట స్మరింపదగినది: ఆప్తుల మరణవార్త వంటి పిడుగుపాటునకు గురియైనవారిలో, ముఖ్యముగా వయసు మళ్లిన స్త్రీలలో, ధమనులు శుభ్రముగా నున్నప్పటికి గుండె కొనభాగము హఠాత్తుగా చచ్చువడును, పెక్కుమందిలో కొలది వారములకు అది తేరుకొనును. ఉత్తేజక హార్మోనుల వెల్లువయే దీనికి ప్రధానకారణమని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయము. దుఃఖము గుండెను గాయపరచుట కేవలము కవుల మాట కాదన్నమాట.

మైటోకాండ్రియాలో కాల్షియము హద్దు మీరిన క్షణమున ఏమి జరుగునో కన్నులార చూపు ప్రయోగమొకటి కలదు. ఎలుక గుండెను చల్లని చక్కెరద్రావణములో సన్నగా తరిగి, మెత్తగా నలిపి, అపకేంద్రయంత్రములో అంచెలంచెలుగా తిప్పగా, తుదకు గొట్టపు అడుగున గోధుమవన్నె ముద్ద యొకటి మిగులును, అవియే మైటోకాండ్రియా. వానిని తగిన ద్రావణములో కలిపి పలుచని గాజుపాత్రలో పోసినచో ద్రావణము మబ్బుగా నుండి కాంతిని అడ్డగించును. కాల్షియము తగిలినపుడు మెరయు రంగును గూడ అందు కలిపి, కాల్షియమును చుక్కచుక్కగా విడువవలెను. మొదటి చుక్క పడగానే మెరుపు లేచును. కొలది సెకనులలో అణగును, మైటోకాండ్రియా ఆ కాల్షియమును మ్రింగివేసెనన్నమాట. రెండవ చుక్క, మూడవ చుక్క, ఇట్లు ఎన్నో చుక్కలు అదే తీరున మాయమగును. లోపల కాల్షియము ఫాస్ఫేటుతో జతకూడి నిరపాయముగా నిలువయగుచుండును. అంతలో ఒక చుక్క పడినప్పుడు మెరుపు లేచి యిక అణగదు. అణగకపోగా, క్రొత్తగా చుక్క వేయకయే పైపైకి పోవును. అంతవరకు దాచుకొన్నదంతయు మైటోకాండ్రియా వెలిగ్రక్కుచున్నవి. అదే సమయమున మబ్బుగా నున్న ద్రావణము క్రమముగా తేటపడును. లోపొరలో రంధ్రము తెరచుకొని, నీరు జొరబడి, మైటోకాండ్రియా ఉబ్బి కాంతిని అడ్డగించు గుణమును కోల్పోవుటయే ఆ తేటకు కారణము. ఆ పాత్రలోని తేటదనము వానికి మృత్యుచిహ్నము.

గోవు గుండెనుండి తీసిన మైటోకాండ్రియాతో హంటర్, హావర్త్ అనువారు 1970లలో ఈ రంధ్రపు లక్షణములను నిర్ణయించిరి. 1500 డాల్టనులకు లోబడిన అణువులన్నియు దాని గుండా పోవును. ఉదజని అయానుల మాట చెప్పనేల! కట్టకు గండి పడెను. ఎగువన నిలిచిన నీరు క్షణములో దిగువ మట్టమునకు వచ్చెను. అంతకంటె ఘోరమేమనగా, ఏటీపీని నిర్మించు సింథేజ్ ఇప్పుడు వెనుకకు తిరిగి, మిగిలియున్న ఏటీపీని ఛేదించుట మొదలిడును. ఉబ్బిన లోపలి భాగపు ఒత్తిడికి వెలిపొర చినిగి, సైటోక్రోమ్-సి బయటపడును. శ్వాసక్రియకు వినియోగపడు ఈ చిన్న ప్రోటీను కణద్రవములోనికి వచ్చినచో కణపు ఆత్మహత్యాయంత్రమును కదలించునని 1996లో తెలిసినది.

ఇక ధమని పూడిన గుండె సంగతి. ప్రాణవాయువు ఆగిన క్షణమున శ్వాసక్రియ ఆగును. కణము చక్కెరను అరకొరగా దహించుకొనుచు ఆమ్లమును పోగుచేసికొనును. ఆ ఆమ్లమును వదిలించుకొనుటకు ఉదజనిని వెలుపలికి పంపి బదులుగా సోడియమును లోనికి తెచ్చుకొనును. సోడియమును తోడివేయు పంపునకు ఏటీపీ చాలదు. కావున సోడియము పేరుకొనును. సోడియము పేరుకొన్నకొలది, మామూలుగా కాల్షియమును వెలుపలికి పంపు మార్పిడి ప్రోటీను దిశ మార్చుకొని, సోడియమును పంపి కాల్షియమునే లోనికి తెచ్చును. ఇన్ని యాపదలలోను మైటోకాండ్రియా రంధ్రము ఇంకను మూసియే యుండును, ఏలననగా ఆమ్లత్వము దానిని మూసియుంచును. ఇప్పుడు వైద్యుడు ధమనిని తెరచెను. రక్తము వచ్చి ఆమ్లమును కడిగివేసినది. ప్రాణవాయువు రాగానే మైటోకాండ్రియా మరల విద్యుత్తును పుంజుకొని, చుట్టునున్న కాల్షియమునంతటిని ఆబగా లాగికొన్నది. హఠాత్తుగా వచ్చిన ప్రాణవాయువునుండి హానికరమైన స్వతంత్రరాశులు పుట్టి రంధ్రము తెరచుకొను హద్దును తగ్గించినవి. మూసియుంచిన ఆమ్లము పోయినది, తెరపించు కారణములన్నియు ఒక్కసారి కూడినవి. 1995లో బ్రిస్టలుననే గ్రిఫిత్స్, హాలెస్ట్రాప్ అనువారు ఎలుక గుండెలో ఈ రంధ్రము రక్తము ఆగినప్పుడు గాక తిరిగి వచ్చిన తరువాతనే తెరచుకొనుచున్నదని కొలిచి చూపిరి.

ఇట్లు మరణించిన కండరమును సూక్ష్మదర్శినిలో పోల్చుట కష్టము కాదు. రక్తము రాకయే చచ్చిన కణములు సాగి, పాలిపోయియుండును. రక్తము వచ్చి చచ్చినవి మితిలేని కాల్షియపు ఆజ్ఞకు లోబడి బిగుసుకొని, తంతువులు అడ్డుపట్టెలుగా ముద్దకట్టి యుండును. 1972లో షెన్, జెన్నింగ్స్ అనువారు కుక్కగుండెలో ధమనిని 40 నిమిషములు బిగించి విడిచి పరీక్షింపగా, నశించిన కణముల మైటోకాండ్రియాలో కాల్షియము ఫాస్ఫేటు నల్లని రేణువులుగా గడ్డకట్టియుండెను. తమను ముంచెత్తిన కాల్షియమును ఆ మైటోకాండ్రియా తుదిక్షణమువరకు దాచి కణమును కాపాడజూచినవని ఆ రేణువులే తెలుపుచున్నవి.

ఇంత తెలిసిన పిదప మందు సులభమని తోచుట సహజము. సైక్లోస్పొరిన్ అను మందు మైటోకాండ్రియా రంధ్రమును అణచునని 1980ల చివరనే తెలిసినది. సైక్లోఫిలిన్-డి అను ప్రోటీనును పట్టుకొని అది పనిచేయును. ఆ ప్రోటీను లేకుండ పుట్టించిన చుంచులలో గుండెపోటు గాయము చిన్నదగుట 2005లో తేలెను. 2008లో ఫ్రాన్సులో కొద్దిమంది రోగులపై జరిగిన పరీక్ష ఆశ కలిగించెను. కాని 2015లో దాదాపు వేయిమంది రోగులపై నడచిన సర్కస్ అను పెద్దపరీక్ష ఫలితము వెలువడగా, ధమనిని తెరచుటకు ముందు సైక్లోస్పొరిన్ నిచ్చినందువలన ఏ మేలును కనబడలేదు. రంధ్రము ఏ ప్రోటీనుతో నిర్మితమైనదను విషయమునందే ఏకాభిప్రాయము లేదు; ఏటీపీ సింథేజే రంధ్రముగా మారునని కొందరు, ఏటీపీని వెలుపలికి చేర్చు వాహకమే యని మరికొందరు వాదించుచున్నారు. తాళము చెవి చేతనున్నను తలుపు ఏదో తెలియని స్థితి యిది.

కాల్షియము మైటోకాండ్రియాలోనికి పోవు ద్వారపు సంగతి మాత్రము తేలినది. అది కలదని 1960ల తొలినాళ్లనుండి తెలిసియు, అర్ధశతాబ్దము పాటు ఏ ప్రోటీనో ఎవరికిని చిక్కలేదు. 2011లో ఇటలీలోని పాడువా నగరమున రిజ్జుటో బృందమును, అమెరికాలో తెలుగు కుటుంబమునకు చెందిన వైద్యశాస్త్రజ్ఞుడు వంశీ మూతా బృందమును ఏకకాలమున దానిని గుర్తించిరి. సుబ్బారావు ఏటీపీని వెలికితీసిన హార్వర్డు వైద్యకళాశాలయందే మూతాయు ఆచార్యుడగుట మనకు ప్రీతిపాత్రము. పెరిగిన చుంచుల గుండెలలో ఈ ద్వారమును తొలగించి 2015లో రెండు బృందములు పరిశీలింపగా, రక్తము ఆగి తిరిగివచ్చిన గాయము ఆ గుండెలలో తగ్గెను; కాని ఎడ్రినలిన్ వంటి ఉత్తేజము తగిలినప్పుడు అవి వెంటనే అందుకొనలేకపోయెను. డెంటన్, మెక్‌కార్మాక్ చెప్పిన మేలును, ఫ్లెకెన్‌స్టైన్ చూపిన కీడును ఒకే ద్వారమున నడచుచున్నవని ఆ చుంచులు సాక్ష్యమిచ్చినవి. కావున ఆ ద్వారమును శాశ్వతముగా మూయు మందు హితకరము కాజాలదని నా యభిప్రాయము. రక్తము తిరిగివచ్చు ఆ కొద్ది నిమిషములు మాత్రము మూసి, పిదప విడువగల మందు కావలెను.

ఈ పరిశోధనలను చదివినవారెవరును, ధమనిని తెరచుటయే అపాయమని భ్రమపడరాదు. రైమర్, జెన్నింగ్స్ 1977లో కుక్కగుండెలపై చేసిన కొలతలు ఇందుకు తిరుగులేని జవాబు. ధమనిని 40 నిమిషముల తరువాత విడిచినచో ప్రమాదములో పడిన కండరమున నూటికి 38 పాళ్లు నశించెను. 3 గంటలకు విడిచినచో 57, 6 గంటలకు విడిచినచో 71. విడువకయే యుంచినచో 85. తిరిగివచ్చిన రక్తము చేయు హానినంతయు ఆ 38లో కలిపియే లెక్కించినను, తొందరగా తెరచినప్పుడు దక్కిన కండరము సగమునకు మించియున్నది. అందుచేతనే ఛాతీనొప్పితో వచ్చినవానికి మొదటి పది నిమిషములలో ఈసీజీ తీయవలెననియు, ధమని పూడినదని తేలినచో 90 నిమిషములలో దానిని బెలూనుతో తెరవవలెననియు వైద్యసంఘములు నియమము చేసినవి.